లెక్క మరిచిన పౌలు, పేర్లు మరవని పౌలు

(చెన్నై పెరంబూరులో, తెలుగు సంఘాల్లో పరిచర్య చేసేవారి కోసం జరిగిన కూడికలో ఇచ్చిన ప్రసంగం. సండే స్కూలు టీచర్లు, పాటల బృందాల సభ్యులు, స్త్రీల సమాజం వారు, సంఘ పెద్దలు పాల్గొన్నారు. మాట్లాడిన తీరులోనే అచ్చువేస్తున్నాం.)

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. తలుపు దగ్గర నిలబడ్డ తమ్ముళ్ళు లోపలికి రండి, ముందు వరసలో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

నాకిచ్చిన అంశం పరిచర్యలో తగ్గింపు. ఈ అంశం మీద మనం చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాం. వాక్యంలోకి వెళ్ళే ముందు ఒకసారి ఒంగోలు దగ్గరి గుండ్లకమ్మ నది ఒడ్డుకు వెళ్దాం. ఈ హాల్లో చాలామంది తాతముత్తాతలు ఒంగోలు, కనిగిరి, కావలి, నెల్లూరు వైపు నుంచి మద్రాసు వచ్చినవాళ్ళే. కాబట్టి ఇది మన ఇంటి కథ.

1876 నుంచి 1878 దాకా దక్షిణ దేశంలో ఘోరమైన కరువు. ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ అయ్యాయి. కరువు పనుల కింద ప్రభుత్వం బకింగ్‌హామ్ కాలువలో కొన్ని భాగాలు తవ్వించింది. మీరు వేళచ్చేరి రైల్లో వెళ్తుంటే ట్రిప్లికేన్, మైలాపూరు దగ్గర కింద నల్లగా పారుతూ కనిపించేది ఆ కాలువే. ఉత్తరాన అదే కాలువ మన కోస్తా వెంబడి ఒంగోలు దాటి పోతుంది. అక్కడ మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు ఒక మిషనరీ తీసుకున్నాడు. ఆయనే జాన్ క్లౌ. అమెరికాలో భూముల సర్వే పని చేసి వచ్చినవాడు కాబట్టి మట్టి పని లెక్కలు తెలుసు. వేలమంది ఆకలితో కూలికి వచ్చారు. మన బోధకులే అక్కడ మేస్త్రీలు. పగలు పని చేయించి, అలుపు తీర్చుకునే వేళ వాక్యం చెప్పేవారు. విన్నవాళ్ళలో చాలామంది బాప్తిస్మం అడిగారు. క్లౌ ఇవ్వనివ్వలేదు. కూలి కోసం అడుగుతున్నారో క్రీస్తు కోసం అడుగుతున్నారో తేలకుండా ఇవ్వడం తగదని, కరువు సాయం సాగినన్నాళ్ళూ ఆపేశాడు. సాయం ముగిసింది. పంచడానికి ఇక ఏమీ లేదని చెప్పారు. అయినా జనం వెనక్కి పోలేదు.

1878 జూలై 3. ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర, గుండ్లకమ్మలో, ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. ముందు రోజు 614 మంది, మర్నాడు 700 మంది. మూడు రోజులకు 3,536.

ఈ సంఖ్య మీకు కొత్త కాదు. సండే స్కూలు పిల్లలకు కూడా నేర్పిస్తాం. మరి ఇన్ని వేలమందికి బాప్తిస్మం ఇచ్చింది ఎవరు అంటే ఏం చెప్తాం? క్లౌ దొరగారు అంటాం. క్లౌ దొరగారు నీళ్ళలోకి దిగలేదు. అభిషేకం పొందిన తెలుగు బోధకులు ఆరుగురు. ఒక్కోసారి ఇద్దరు దిగేవారు, వాళ్ళు అలసిపోతే ఇంకో ఇద్దరు. పొద్దున్నే మొదలుపెట్టి, మిట్టమధ్యాహ్నం కొంచెం ఆగి, సాయంత్రం దాకా. ఒడ్డున ఒక పేరు చదవడం, ఒక మనిషి దిగడం, పైకి రావడం. దొర ఒడ్డునే ఉన్నాడు.

ఒక్క నిమిషం ఆయన స్థానంలో మనల్ని మనం పెట్టుకుందాం. పదేళ్ళకు పైగా ఎండలో తిరిగి పని చేశాడు. స్వదేశంలో ఉన్న సంఘాలకు రిపోర్టు పంపాలి. ఆ రోజు వచ్చిన జనంలో కనీసం ఒక్కడికి, కనీసం మొట్టమొదటివాడికి, నా చేతులతో ఇస్తాను అని మనకు అనిపించదా? నాకైతే అనిపిస్తుంది. ఆ మొదటివాడు కూడా తెలుగు బోధకుడి చేతుల్లోనే మునిగి లేచాడు.

ఇందులో నాకు బాధ కలిగించే సంగతి ఒకటుంది. క్లౌ తన చేతులు పక్కకు తీసుకున్నాడు, మన జ్ఞాపకం మళ్ళీ ఆ పనిని ఆయన చేతుల్లోనే పెట్టింది. నడుములోతు నీళ్ళలో రోజంతా నిలబడ్డ ఆరుగురి పేర్లు మనలో ఎంతమందికి వచ్చు? ఆ కాలపు తెలుగు బోధకుల్లో యర్రగుంట్ల పేరయ్య పేరు కొందరికి తెలుసు. తోలు పని చేసుకునే మనిషి. ఆయన, భార్య నాగమ్మ. క్లౌ దొర వాళ్ళ ఊరికి వెళ్ళేసరికే పేరయ్య చెప్పింది విని జనం కూడి ఎదురుచూస్తున్నారు. అంటే విత్తనం చల్లింది పేరయ్య. మన పిల్లలకు ఈ పేరు చెప్తున్నామా? తగ్గింపు గురించి మాట్లాడే మనం ఇది కూడా ఆలోచించాలి. ఒకరు తమను తాము మరిచిపోవడం వేరు, వాళ్ళను మనం మరిచిపోవడం వేరు.

సరే, ఇప్పుడు వాక్యంలోకి వద్దాం. యోహాను సువార్త నాలుగో అధ్యాయం తీయండి. మొదటి మూడు వచనాలు. మనం సాధారణంగా వీటిని దాటేసి సమరయ స్త్రీ దగ్గరికి వెళ్ళిపోతాం. బాప్తిస్మమిచ్చే యోహాను కంటే యేసు ఎక్కువమందిని శిష్యులుగా చేసుకుని బాప్తిస్మమిస్తున్నాడని పరిసయ్యులు విన్నారు. అంటే లెక్కలు కట్టడం మొదలైంది. ఆయన దగ్గర ఎంతమంది, ఈయన దగ్గర ఎంతమంది. రెండో వచనంలో సువార్తికుడు ఆగి, నిజానికి యేసు బాప్తిస్మమివ్వలేదు, ఆయన శిష్యులు ఇస్తున్నారు అని చెప్తాడు. పరిసయ్యులు ఇలా విన్నారని ప్రభువుకు తెలిసినప్పుడు ఏం చేశాడు? యూదయ విడిచి వెళ్ళిపోయాడు.

నేను ఈ మూడు వచనాల దగ్గర చాలాసేపు ఆగిపోతాను. పోలిక పెట్టే జనం చుట్టూ చేరారు, ఆయన అక్కణ్ణుంచి లేచి వెళ్ళిపోయాడు. ఎక్కడికి? ఇంకా పెద్ద కూడికకు కాదు. ఎండవేళ, ఒక బావి దగ్గరికి. అలసిపోయి కూర్చున్నాడు. నీళ్ళకు ఒకే ఒక్క స్త్రీ వచ్చింది. ఊళ్ళో మంచి పేరు లేని మనిషి. ఆమెతో ఆయన జరిపిన సంభాషణ సువార్తల్లోకెల్లా పొడుగైన వాటిలో ఒకటి. లెక్కలో యోహానును మించిపోయినవాడు, లెక్కకే రాని ఒక్క మనిషి దగ్గర కూర్చున్నాడు.

దానికి ముందు అధ్యాయంలో యోహాను శిష్యులు వచ్చి గురువు దగ్గర మొరపెట్టుకుంటారు. అయ్యా, అందరూ ఆయన దగ్గరికే పోతున్నారు అని. మన సంఘాల్లో ఈ మాట వినని పాస్టరుగారు ఉండరు. పక్క వీధిలో కొత్తగా కూడిక పెట్టారండి, మనవాళ్ళు నాలుగు కుటుంబాలు అటు పోతున్నారండి. యోహాను జవాబు మీకు కంఠతా వచ్చు: ఆయన హెచ్చవలసియున్నది, నేను తగ్గవలసియున్నది. క్యాలెండర్ల మీద వేస్తాం. యోహాను దాన్ని గోడ మీద రాసుకోలేదు, తన మనుషులు తన కళ్ళ ముందే తగ్గిపోతున్నప్పుడు చెప్పాడు. అంతేకాదు, నా సంతోషం సంపూర్ణమైంది అన్నాడు. ఆ సంతోషమే ముఖ్యం. పళ్ళు బిగబట్టి తగ్గడం మనకూ వచ్చు. మూడు రోజులు ముఖం మాడ్చుకుని, ఇంటికి వెళ్ళి భార్య దగ్గర అంతా వెళ్ళగక్కి, పైకి మాత్రం ప్రభువు చిత్తం అనడం తేలికే.

ఇప్పుడు పౌలు. మొదటి కొరింథీ పత్రిక, మొదటి అధ్యాయం, పద్నాలుగో వచనం నుంచి. కొరింథు సంఘంలో పార్టీలు కట్టారు. నేను పౌలువాణ్ణి, నేను అపొల్లోవాణ్ణి, నేను కేఫావాణ్ణి. అప్పుడు పౌలు, క్రిస్పుకు గాయియుకు తప్ప మీలో ఎవరికీ నేను బాప్తిస్మమివ్వలేదు, అందుకు దేవునికి స్తోత్రం అంటాడు. ఇవ్వనందుకు స్తోత్రం చెప్తున్నాడు! అంతలో గుర్తొచ్చింది, స్తెఫను ఇంటివారికి కూడా ఇచ్చాను అన్నాడు. తర్వాత, ఇంకెవరికైనా ఇచ్చానేమో నేనెరుగను అన్నాడు.

ఈ చివరి మాట చదివి నేను దేవుణ్ణి స్తుతించాను. పరిశుద్ధ గ్రంథంలో ఒక అపొస్తలుడు తన పరిచర్య లెక్క తనకు గుర్తులేదంటున్నాడు. రిజిస్టరు లేదు. ఉత్తరం చెప్పి రాయిస్తూ, మధ్యలో జ్ఞాపకం తెచ్చుకుంటూ, చివరికి వదిలేశాడు.

ఇదే పౌలు రోమా పత్రిక పదహారో అధ్యాయం రాశాడు. అది మనం ఆరాధనలో దాదాపు ఎప్పుడూ చదవం, అన్నీ పేర్లే అని. ఇరవైకి పైగా పేర్లు. ప్రిస్కిల్ల, అకుల, తన ప్రాణం కోసం తమ మెడలు చాచినవారు. ఎపైనెటు, ఆసియలో మొదటి విశ్వాసి. మరియ, మీకోసం చాలా కష్టపడింది. త్రుపైనా, త్రుఫోసా, ప్రభువు పనిలో కష్టపడుతున్న స్త్రీలు. పెర్సిసు, ఆమె కూడా చాలా కష్టపడింది. రూఫుకు వందనాలు, అతని తల్లికి వందనాలు, ఆమె నాకూ తల్లే. అప్పటికి పౌలు రోమాకు ఇంకా వెళ్ళనేలేదు. దారుల్లో, వేరే వేరే ఊళ్ళలో కలిసినవాళ్ళు, వాళ్ళు రోమాకు చేరారు, ఆయన వాళ్ళను మనసులో మోసుకుంటూనే ఉన్నాడు. ఎవరు ఎంత కష్టపడ్డారో కూడా తెలుసు. రూఫు తల్లి తనకు అన్నం పెట్టిందో, జబ్బులో చూసుకుందో, ఆ ప్రేమ మరవలేదు.

తాను ఎవరికి బాప్తిస్మమిచ్చాడో గుర్తులేదు. తనకు ఎవరు తల్లిలా నిలిచారో గుర్తుంది. ఇవాళ నేను చెప్పదలచుకున్నదంతా ఇక్కడే ఉంది. మతిమరుపు పౌలుకు ఒక వైపే ఉంది. మనకూ ఒక వైపే ఉంటుంది కానీ అటు వైపు. మనం ఎవరికి ఎంత ఇచ్చామో, ఏ సంవత్సరం ఏ పండక్కి స్టేజీ డెకరేషన్ ఎవరి డబ్బుతో జరిగిందో ఇరవై ఏళ్ళ తర్వాత కూడా చెప్పగలం. మనకు మొట్టమొదట యేసు పాట నేర్పించిన సండే స్కూలు టీచరుగారి పేరు చెప్పమంటే తడబడతాం.

మన గుడుల్లో ఫ్యాన్లు చూడండి. రెక్క మీద ఎర్ర రంగుతో పేరు, ఫలానావారి జ్ఞాపకార్థం అని. నేను దాన్ని తప్పు పట్టడం లేదు. కూలి డబ్బులు కూడబెట్టి కన్నతల్లి పేరున ఒక ఫ్యాను ఇచ్చినవాళ్ళు ఉన్నారు. ఆ పేరు రాయించుకోవడంలో ప్రేమ ఉంది. కానీ ఆ ఫ్యాను ఆగి ఉన్నప్పుడే ఆ పేరు చదవగలం. తిరుగుతున్నంతసేపూ కింద కూర్చున్నవాళ్ళకు గాలి అందుతుంది, పేరు కనిపించదు.

నాకు నిజంగా కష్టం అనిపించేది వేరే ఉంది. 2015 డిసెంబరు వరదలప్పుడు, మళ్ళీ 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను అప్పుడు, ఈ నగరంలో సంఘాలు చాలా మంచి పని చేశాయి. గుడులు తెరిచి జనాన్ని పడుకోబెట్టారు, రాత్రంతా వంట చేశారు. ఆ తర్వాత ఫోన్లలో ఫోటోలు తిరిగాయి. అలాంటి ఒక ఫోటోను దగ్గరగా చూడండి. బియ్యం సంచి మీద ఐదారు చేతులు. అందరం కెమెరా వైపు చూస్తున్నాం. సంచి అందుకుంటున్న అమ్మ ఒక్కతే తల దించుకుని ఉంది. ఆమె చీర ఇంకా తడిగానే ఉంది. ఆమె మనవడు బడిలో ఆ ఫోటో చూస్తాడు. మన కుడిచెయ్యి చేసింది ఎడమచేతికి తెలియకూడదని ప్రభువు చెప్పింది మన ఆత్మ మేలు కోసమే అనుకుంటాం. ఆ అమ్మ పరువు కోసం కూడా చెప్పాడని నేను నమ్ముతున్నాను. రిపోర్టు కావాలి, దాతలకు లెక్క చెప్పాలి, ఒప్పుకుంటాను. బియ్యం బిల్లు ఫోటో తీయండి. సంచుల వరసను తీయండి. ఆమె ముఖం వదిలేయండి.

ఇక్కడ ఇంకో మాట చెప్పకుండా ముందుకు పోతే నాకు మనశ్శాంతి ఉండదు.

ఈ నగరాన్ని తరతరాలుగా శుభ్రం చేస్తున్నవాళ్ళలో చాలామంది తెలుగు మాట్లాడేవాళ్ళు. మన సంఘాల్లో ఉన్నారు, ఈ హాల్లో ఉన్నారు. తెల్లారకముందే చీపురు పట్టుకుని వీధిలో ఉంటారు. వాళ్ళ ముందు నిలబడి, తగ్గించుకోండి, తగ్గించుకోండి అని ఎవరైనా ప్రసంగిస్తే, లోకం రోజూ వాళ్ళకు చెప్పేదే బైబిలు పట్టుకుని మళ్ళీ చెప్పినట్టవుతుంది. అది సువార్త కాదు. ఎవరో మెడ మీద చెయ్యి వేసి వంచితే వంగడాన్ని తగ్గింపు అనరు. అది అవమానం. అవమానాన్ని భరించమని చెప్పి, దాన్ని సుగుణం అని పొగిడితే దేవుని ఎదుట లెక్క చెప్పాల్సి వస్తుంది.

యోహాను పదమూడో అధ్యాయంలో ప్రభువు పాదాలు కడిగాడు. మనం నాలుగో వచనం నుంచి చదువుతాం, భోజనపంక్తి నుంచి లేచాడని. మూడో వచనంతో మొదలుపెట్టాలి. తండ్రి తన చేతికి సమస్తమూ అప్పగించాడనీ, తాను దేవుని దగ్గర నుంచి వచ్చాడనీ, దేవుని దగ్గరికే వెళ్ళాలనీ యేసు ఎరిగి, అప్పుడు లేచాడు, అప్పుడు తువాలు కట్టుకున్నాడు. తాను ఎవరో ఎరిగినవాడు వంగాడు. ఎవరూ వంచలేదు. కాబట్టి కార్పొరేషన్ పనికి వెళ్ళే మా అక్కకు సంఘం ముందుగా చెప్పాల్సింది మూడో వచనం. అమ్మా, నువ్వు దేవుని దగ్గర నుంచి వచ్చినదానివి. సింహాసనాల మీద ఉన్నవాళ్ళను దించి దీనులను ఎక్కించాడని పాడింది కూడా ఒక పల్లెటూరి పేదపిల్లే, మన ప్రభువు తల్లి. నాలుగో వచనం ముందుగా చెప్పాల్సింది నాలాంటివాళ్ళకు, మైకు చేతిలో ఉన్నవాళ్ళకు, ముందు వరస కుర్చీల వాళ్ళకు, సంతకం పెట్టే అధికారం ఉన్నవాళ్ళకు. దిగడానికి మెట్లు ఉన్నవాడే దిగాలి.

మన సంఘాల్లో బెంచీలు మోసేది ఎప్పుడూ ఒకే వీధివాళ్ళు, కానుకలు లెక్కపెట్టేది ఎప్పుడూ ఒకే ఇళ్ళవాళ్ళు అయితే, ఎన్ని పాదాలు కడిగే ఆరాధనలు చేసినా యాకోబు పత్రిక రెండో అధ్యాయం మన మీద సాక్ష్యం చెప్తుంది. బంగారు ఉంగరం పెట్టుకున్నవాడికి మంచి చోటు చూపించి, పేదవాణ్ణి నా పాదపీఠం కింద కూర్చో అన్న సంఘం అది. ఈ సంగతి పెద్దలు మీ మీ కమిటీల్లో మాట్లాడండి. నేను ఇంతకంటే పొడిగించను.

రెండో పక్క కూడా ఉంది. మనల్ని మనం తిట్టుకోవడమే తగ్గింపు అనుకునేవాళ్ళు ఉన్నారు. ప్రార్థన చెయ్యమ్మా అంటే, నేనెంతటిదాన్నండి, నాకేం వచ్చండి అంటారు. పిల్లలకు పాఠం చెప్పు బాబూ అంటే, నాకు అర్హత లేదంకుల్ అంటాడు. అది బిడియమైతే సర్దుకుంటుంది. కానీ ఒక్కోసారి అది మన మీద నుంచి మన చూపు తిప్పుకోలేకపోవడమే. పొద దగ్గర మోషేను చూడండి. నేనెంతటివాణ్ణి అన్నాడు. వాళ్ళు నమ్మరు అన్నాడు. నేను నోటి మాంద్యం గలవాణ్ణి అన్నాడు. ఇంకెవరినైనా పంపు అన్నాడు. అక్కడ దేవుని కోపం రగిలిందని రాసి ఉంది. ఎదురుగా పొద మండుతోంది, దేవుడు మాట్లాడుతున్నాడు, మోషే మాత్రం తన నాలుక గురించే మాట్లాడుతున్నాడు. ఇదే మోషే నిర్గమకాండం ముప్పై నాలుగో అధ్యాయంలో సీనాయి కొండ దిగి వస్తున్నాడు. ముఖం ప్రకాశిస్తోంది. జనం దగ్గరికి రావడానికి భయపడ్డారు. తన ముఖం ప్రకాశిస్తోందని మోషేకు తెలియదు. నలభై రోజులు ఆయన ఎవరితో గడిపాడో అది చూడండి. తనను తాను మరిచిపోవాలని కొండ ఎక్కలేదు. దేవునితో మాట్లాడటానికి ఎక్కాడు.

మత్తయి సువార్త ఇరవై ఐదో అధ్యాయంలో, తీర్పు వేళ కుడివైపు నిలబడ్డ నీతిమంతులు కూడా ఇలాగే. ప్రభువా, ఎప్పుడు నీవు ఆకలిగా ఉండటం చూసి నీకు ఆహారం పెట్టాం అని అడుగుతారు. వినయం చూపించడానికి అడగడం లేదు. వాళ్ళకు నిజంగానే గుర్తులేదు.

మన మధ్య నుంచే ఒకటి చెప్తాను. సెంట్రల్ స్టేషన్ ఎదురుగా ఉన్న జనరల్ ఆసుపత్రికి నాయుడుపేట, సూళ్ళూరుపేట, గూడూరు వైపు నుంచి పేషెంట్లు వస్తారు. రైలు దిగి రోడ్డు దాటితే ఆసుపత్రి. తమిళం రాదు. చీటీ ఎక్కడ తీసుకోవాలో, ఏ బ్లాకుకు వెళ్ళాలో తెలియదు, టెన్షన్. మన సంఘాల వాళ్ళు కొందరు అక్కడ తోడు ఉంటారు. వాళ్ళలో ఒక అక్కయ్య పని నేను దగ్గరగా చూశాను. పేరు చెప్పను, ఆమెకు ఇష్టం ఉండదు. ఒక పెద్దాయనను లోపలికి తీసుకెళ్ళింది. డాక్టరమ్మ తమిళంలో, ఎవ్వళవు నాళా వలిక్కుదు అని అడిగింది. అక్కయ్య పెద్దాయన వైపు తిరిగి, ఎన్నాళ్ళ నుంచి నొప్పి తాతా అంది. ఆయన నసిగాడు. నాలుగు నెలలమ్మా, మా కోడలికి చెప్పలేదు అన్నాడు. అక్కయ్య డాక్టరమ్మతో, నాకు నాలుగు నెలలుగా నొప్పి, ఇంట్లో చెప్పలేదు అని తమిళంలో అంది. ఆయనకు నొప్పి అనలేదు, నాకు నొప్పి అంది. డాక్టరమ్మ కళ్ళు పెద్దాయన మీదే ఉన్నాయి. పెద్దాయన కళ్ళు డాక్టరమ్మ మీద. మధ్యలో అక్కయ్య ఉందన్న సంగతి ఇద్దరూ మరిచిపోయారు. ఆమె కూడా మరిచిపోయింది. ఒకచోట మాత్రం ఆగింది. మందు పరగడుపున వేసుకోవాలా, తిన్నాక వేసుకోవాలా అని రెండోసారి అడిగి ఖాయం చేసుకుంది. తన మాట తప్పైతే ఆయన ప్రాణం మీదికి వస్తుందని ఆమెకు తెలుసు. తనను మరిచిపోయింది గానీ పనిని మరిచిపోలేదు.

బయటికి వచ్చాక పెద్దాయన, డాక్టరమ్మ బంగారంలాంటి మనిషమ్మా, నాతో ఎంత బాగా మాట్లాడింది అన్నాడు. అక్కయ్య, అవును తాతా, చాలా మంచావిడ అంది. ఆమె ముఖంలో ఉన్న సంతోషం, నా సంతోషం సంపూర్ణమైంది అన్న యోహాను సంతోషమే అనుకుంటాను నేను.

ఇంకొక్క మనిషిని గుర్తుచేసి ముగిస్తాను. వేదనాయగం శామ్యూల్ అజరయ్య. తమిళుడు, తిరునల్వేలి వైపు పుట్టినవాడు. ఈ మద్రాసులో వైఎంసీఏ కార్యదర్శిగా మంచి స్థానంలో ఉన్నవాడు. 1909లో దాన్ని వదిలి దోర్నకల్ వెళ్ళాడు, మన తెలుగు పల్లెలకు, తెలుగు నేర్చుకుని. అప్పటికి వయసు ముప్పై దాటింది. ఆ వయసులో కొత్త భాష నేర్చుకోవాలంటే పిల్లల ముందు తప్పులు మాట్లాడాలి, వాళ్ళు నవ్వితే దిద్దుకోవాలి. 1912లో బిషప్పు అయ్యాడు, ఆంగ్లికన్ సంఘంలో భారతీయుల్లో మొదటి బిషప్పు. అదే మనిషి 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో లేచి మిషనరీల ముఖం మీదే, మాకు స్నేహితులను ఇవ్వండి అని అడిగాడు. తగ్గింపు గలవాడు నోరు మెదపడు అనుకునేవాళ్ళు ఇది గమనించాలి. తన కోసం ఏమీ అడగనివాడు పక్కవాడి కోసం ధైర్యంగా అడగగలడు.

సంఘాలన్నీ ఒకటి కావాలని ఆయన ఏళ్ళ తరబడి కష్టపడ్డాడు. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనల్ వారు ఒకే బల్ల దగ్గర చేరాలంటే ఎవరి పద్ధతి గొప్పదన్న వాదం ఎవరో ఒకరు వదులుకోవాలి. ఆ మాటలు దశాబ్దాలు సాగాయి. 1947 సెప్టెంబరు 27న ఇక్కడే, మన మద్రాసులోనే, సెయింట్ జార్జ్ కెథీడ్రల్లో దక్షిణ ఇండియా సంఘం ఆవిర్భవించింది. అజరయ్య 1945 జనవరి 1న కన్నుమూశారు. ఆ రోజు వేదిక మీద ఆయన లేరు. కెథీడ్రల్ మీదుగా మీరు బస్సులో వెళ్ళినప్పుడు పిల్లలకు ఆయన పేరు చెప్పండి. పేరయ్య పేరూ నాగమ్మ పేరూ చెప్పండి. మీ సంఘంలో ముప్పై ఏళ్ళుగా ప్రభు బల్ల గిన్నెలు కడుగుతున్న ఆమె పేరు ఏమిటో తెలుసుకుని అది కూడా చెప్పండి. మీ పేరు వాళ్ళెవరైనా చెప్తారా లేదా అన్నది వాళ్ళకు వదిలేయండి.

ఇక భోజనాలకు ముందు ఒక సంగతి. ఆసుపత్రిలో తర్జుమాకు తోడు వెళ్ళేవాళ్ళు సరిపోవడం లేదు. మంగళవారం, గురువారం మరీ కష్టంగా ఉందట. తమిళం బాగా వచ్చినవాళ్ళు, ముఖ్యంగా రిటైరైన అన్నయ్యలు, కాలేజీ పిల్లలు, వెనక బల్ల మీద నోటుబుక్కు ఉంది, ఫోన్ నంబరు రాసి వెళ్ళండి. ఉదయం ఏడింటికల్లా అక్కడ ఉండగలిగితేనే రాయండి, ఓపీ చీటీల క్యూ అప్పటికే మొదలవుతుంది. మొదటి రెండుసార్లు అక్కయ్య మీ పక్కన నిలబడుతుంది, మూడోసారి నుంచి మీరే. ప్రార్థన చేసుకుందాం.